కళ్లంలో మిరప తెల్లబడిన పూట

సంక్రాంతి వెళ్లి వారమైంది. పొద్దున తొమ్మిది దాటింది. మంచు విడిచింది, ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. కర్నూలు జిల్లా సి.బెళగల్ దాటి తుంగభద్ర వైపు దిగే బండిబాట పట్టాం. ఎడమ పక్క పత్తిచేను. పెద్ద తీతలన్నీ అయిపోయాయి, ఆఖరి తీతకు మిగిలిన పత్తి అక్కడక్కడా కాయల్లోంచి వేలాడుతోంది. ఆకు సగం రాలింది, ఉన్నది ఎర్రబారింది. కుడి పక్క నెర్రెలిచ్చిన నల్లరేగడి, దాని అవతల పండుబారుతున్న శనగ. ఎదురుగా బోరు షెడ్డు, షెడ్డు ముందు కళ్లం. కళ్లం నిండా మిరపకాయ ఆరబోసి ఉంది. మనమింకా ఇక్కడే ఉన్నాం, ఆ ఎరుపు మాత్రం కళ్లలోకి వచ్చేసింది.

మెడలో ఉన్నది పాత కెనాన్ 60డి. పైకి చూస్తే ఏ తేడా కనపడదు. మామూలుగా ప్రతి డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందు లేత నీలిపచ్చ గాజుపలక ఒకటి ఉంటుంది. మన కన్ను 700 నానోమీటర్ల దగ్గర చేతులెత్తేస్తే సిలికాన్ సెన్సర్ 1100 దాకా చూడగలదు. ఆ అదనపు చూపు ఫొటోలో రంగుల్ని కలగాపులగం చేయకుండా గాజుపలక పరారుణాన్ని గుమ్మంలోనే ఆపుతుంది. ఈ కెమెరాలో దాన్ని ఊడదీయించి 720 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టించాను. ఇప్పుడు వ్యవహారం తలకిందులైంది. మనకు కనపడే వెలుగంతా దాదాపు బయటే ఆగిపోతుంది, కనపడనిది లోపలికి వెళ్తుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలోనే ఉంచి పత్తిచేను మీదికి ఒకటి నొక్కుదాం. తెర మీద చూడండి. ఆకాశం, చేను, బాట, కరెంటు స్తంభం, అన్నీ కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. డేలైట్‌కు మార్చినా అంతే. కెల్విన్ అంకెల్లోకి వెళ్లి అడుగుకంటా దించినా ఈ కెమెరా 2500 దగ్గర ఆగుతుంది, ఎరుపు మాత్రం ఆగదు.

దోషం కెమెరాది కాదు. సెన్సర్ మీద ప్రతి చుక్కకీ ఎరుపో పచ్చో నీలమో ఒక చిన్న ఫిల్టర్ ఉంటుంది. అవి కంటికి కనిపించే వెలుగు కోసం చేసినవి. 700 దాటాక వాటి ప్రవర్తన మారిపోతుంది. 720 నుంచి 800 వరకు ఉన్న వెలుగు ఎరుపు ఫిల్టర్‌లోంచి ధారాళంగా పోతుంది, పచ్చ నీలాల్లోంచి కొద్దికొద్దిగా కారుతుంది. 850 దాటేసరికి మూడూ ఒకేలా వదిలేస్తాయి. అందుకే 850 ఫిల్టర్ పెట్టించుకున్నవాళ్లకి ఈ తలనొప్పి లేదు, వాళ్ల బొమ్మ ఎటూ నలుపు తెలుపే. మనది 720 కాబట్టి ఇంకా రంగు మిగిలి ఉంది. ఎండలో తీసే ఫొటో అనుకొని కెమెరా తన అలవాటు లెక్కలో ఎరుపుని పెంచుతోంది. ఇక్కడ ఎరుపు ముందే పొంగిపొర్లుతోంది, పెంచవలసింది పచ్చనీ నీలాన్నీ, అదీ చాలా రెట్లు. ఆ సంగతి దానికి ఎవరో ఒకరు చూపించాలి.

కళ్లం వైపు నుంచి ఒకాయన వస్తున్నాడు. తలకు తువ్వాలు, భుజం మీద మిరప తిరగేసే పార.

"ఏం సార్, డ్యాము సర్వేనా?"

సుంకేసుల బ్యారేజీకి ఎగువన గుండ్రేవుల దగ్గర రిజర్వాయరు కడతారన్న మాట ఈ మండలంలో ఏళ్ల తరబడి నానుతోంది. పొలాల్లో కెమెరా పట్టుకొని తిరిగేవాణ్ణి ఆ ప్రశ్న అడగడంలో వింతేమీ లేదు.

"కాదన్నా, ఉత్త ఫొటోలే."

"మా చేన్లో ఏముందని ఫొటోలు?" అంటూనే తెరలోకి తొంగి చూశాడు. "ఓయబ్బ, ఇదేందప్పా ఇంత ఎర్రగుండాది! చెడిపోయిందా?"

"చెడిపోలేదన్నా. దీనికి తెలుపు ఏదో మనం చూపియ్యాల. అప్పుడు మిగతావి అదే సర్దుకుంటాది."

"తెలుపేనా? మడుసుకు కనపడేట్టు పత్తి ఉండాది కదా ముందర!"

ఆ మాట తీసిపారేసేది కాదు. పత్తిలో రంగుపదార్థమంటూ లేదు, ఉన్నదంతా సెల్యులోజ్. కంటికి కనిపించే వెలుగులోనే కాదు, ఈ కెమెరా చూసే మేర అంతటా అది దాదాపు సమంగా వెలుగుని తిప్పికొడుతుంది. స్టూడియోల్లో వాడే బూడిదరంగు కార్డు చేసే పని కూడా ఇదే. కార్డు కొనుక్కోవాలి, పత్తి ఇక్కడ చేను నిండా ఉంది.

ఆయనే వంగి, అప్పుడే విచ్చిన కాయలు చూసి, మరకా ఆకునలుసూ లేని పత్తి గుప్పెడు తీసి ఇచ్చాడు. గింజలు వేళ్లకు తగులుతున్నాయి. దాన్ని ఎక్కడ పట్టుకోవాలన్నదే అసలు చిక్కు. మొక్కల మధ్య పట్టుకుంటే చుట్టూ ఉన్న ఆకులు దాని మీదికి పరారుణాన్ని కొడతాయి. పచ్చటి ఆకు మీద పడిన పరారుణంలో ఇంచుమించు సగం పైకి చెదిరిపోతుంది, మిగిలినదాంట్లో చాలాభాగం ఆకులోంచి కిందికే దిగుతుంది. అందువల్ల ఈ కెమెరాకి చెట్టు కింది నీడ కూడా చిక్కగా ఉండదు. కనుక బాట మీదికి వచ్చేద్దాం. కింద ఉత్త మట్టి, వెనక ఓరగా సూర్యుడు, మన నీడ పక్కకి పడుతోంది. అరచేతిలో పత్తి పరిచి, లెన్స్ దగ్గరికి తెచ్చి, మధ్యభాగం మొత్తం నిండేట్టు పెట్టండి. ఫోకస్ కుదరకపోయినా ఫరవాలేదు, ఆటోఫోకస్ మాత్రం తీసేయండి, లేకపోతే అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ కూర్చుంటుంది.

ఒకటి తీసి హిస్టోగ్రాం తెరవండి. తెల్లటి గ్రాఫు ఒక్కటీ చూసి సరిపెట్టుకోకూడదు, ఎరుపు పచ్చ నీలాలు వేరువేరుగా చూపే గ్రాఫు కావాలి. ఎరుపు మేట కుడి అంచుకు తగిలి నిట్టనిలువుగా తెగిపోయింది. పొంగిపోయిన ఎరుపుతో కట్టే లెక్క తప్పు లెక్కే. షట్టర్ వేగం పెంచండి, మళ్లీ ఒకటి. ఇప్పుడు మూడు మేటలూ లోపలే ఉన్నాయి, నీలం మాత్రం ఎడమకి బాగా ఒదిగి ఉంది. అది చాలు.

మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్. ఇప్పుడే తీసిన పత్తి ఫొటో ఎంచుకోండి. సెట్. తర్వాత బయటికి వచ్చి వైట్ బ్యాలెన్స్ గుర్తుల్లో కస్టమ్‌ది పెట్టుకోవాలి. చాలామంది ఈ రెండో మెట్టు మరిచిపోయి, పద్ధతి పనిచేయలేదని మొత్తుకుంటారు. నికాన్ వాళ్ల పాట్లు వేరు: కొన్ని బాడీలు ఇంత ఎరుపును చూసి 'నో గుడ్' అని మొహం మీదే తిప్పికొడతాయి. ఆ విషయంలో కెనాన్ మొండితనం తక్కువ, ఏ ఫొటో ఇచ్చినా పుచ్చుకుంటుంది.

లైవ్ వ్యూ వేసి చేను వైపు తిప్పండి. కుంకుమ పోయింది. పత్తి తెల్లగా ఉంది. నల్లరేగడి ముదురు బూడిదలో ఉంది. ఆకాశం తుప్పు కలిసిన గోధుమరంగు, అందులో ఒకటే మబ్బుతునక తెల్లగా. బోరు షెడ్డు వెనక వేపచెట్టు చూడండి: కొమ్మలు నల్లగా, ఆకు మొత్తం పాలిపోయి, ఆ తెలుపులోనే చల్లటి నీలిచాయ.

"ఇప్పుడు తెల్లబడ్యా. మరి యాపచెట్టు యాల అట్లుండాది?" అన్నాడాయన.

ఆయన పట్టిన చోటే అసలు సంగతి ఉంది. ఆకులోని పత్రహరితం ఎరుపు వెలుగుని 680 దాకా మింగుతుంది. 700 దగ్గర అలసిపోయి వదిలేయడం మొదలుపెడుతుంది, 750 వచ్చేసరికి ఆకు దాదాపు పూర్తిగా మెరుస్తుంది. మధ్యలో ఉన్నది నిటారు ఎక్కుడు. మన 720 ఫిల్టర్ సరిగ్గా ఆ ఎక్కుడు మధ్యలో తెరుచుకుంటుంది. ఎక్కుడు మొదట్లో ఆకు కొంచెం తక్కువ మెరుస్తుంది, ఆ కొంచెమే ఎరుపు చుక్కలకు లోటు. పత్తికి అలాంటి ఎక్కుడేమీ లేదు. అందువల్ల పత్తిని తెలుపుగా ఒప్పుకుంటే ఆకుకి ఎరుపు తగ్గి నీలిచాయ వస్తుంది. ఆకునే తెలుపుగా ఒప్పుకుంటే ఏమవుతుంది?

దానికి ఆకు కావాలి. పచ్చిక మీద వైట్ బ్యాలెన్స్ పెట్టమని పరారుణ ఫొటోగ్రాఫర్లు చాలామంది చెప్తారు. ఇంటి ముందు లాన్ పెంచుకునేవాళ్లకి అది సులువైన సలహా. జనవరిలో పడమటి కర్నూలులో, నల్లరేగడి చేల మధ్య, ముదరని, ఎండని, ఎర్రబారని ఆకు వెతకడమే ఒక పని. పత్తాకు పనికిరాదు: ముదిరిపోయి ఆ ఎక్కుడే చదునైపోతోంది, దాని మీద పెడితే పత్తి మీద పెట్టినట్టే వస్తుంది. శనగ పండుబారింది. వేపచెట్టు ఎత్తు ఎక్కువ, సందుల్లో ఆకాశం దూరుతుంది.

"బోరుకాడ గరికుండాది చూడు," అన్నాడాయన. పైపు జాయింటు కారే చోట నాలుగడుగుల మేర గరిక చిక్కగా పట్టింది. నీళ్లు తాగి నిగనిగలాడుతోంది. మోకాళ్ల మీద కూర్చుందాం. తడి మట్టి కెమెరా మధ్యభాగంలోకి రాకుండా చూసుకోవాలి, నీరు పరారుణాన్ని మింగేస్తుంది. సూర్యుడు వెనకే ఉన్నాడు. గరికను ఫ్రేము నిండా పెట్టి ఒకటి. హిస్టోగ్రాం. సెట్.

ఇప్పుడు అదే వేపచెట్టు. నీలిచాయ పోయి సున్నం తెలుపు వచ్చింది. బదులుగా ఇందాకటి పత్తి మీద లేత గోధుమ వన్నె దిగింది, మబ్బుతునక కూడా అదే దారి పట్టింది, ఆకాశం ఇంకాస్త తుప్పెక్కింది. వేపచెట్టు, పత్తి, ఆకాశం ఎక్కడివక్కడే ఉన్నాయి, మన ఒప్పందం ఒక్కటే మారింది. మామూలు కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌కి సరైనదంటూ ఒకటుంటుంది, కన్ను చూసినదానితో పోల్చి తేల్చుకోవచ్చు. ఇక్కడ పోల్చడానికి కన్నే లేదు. నచ్చినదాన్ని తెలుపు అనుకోవడమే, అనుకున్నాక దానికి కట్టుబడి ఉండటమే. నా మటుకు చెట్టుచేమలే బొమ్మ అయితే గరికకి ఓటు. మనిషి చేతిలో పడ్డ వస్తువులు ఎక్కువ ఉంటే పత్తి.

ఇక కళ్లంలోకి.

దగ్గరికి పోతే ముందు ఘాటు తగులుతుంది, తర్వాత ముడతలు కనిపిస్తాయి. ఇది బ్యాడిగి రకం. కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడిగి పేరు మీద 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన కాయ. పడమటి కర్నూలు రైతులు లారీలకెత్తి బ్యాడిగి మార్కెట్టుకే తోలుతుంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. కొనేవాళ్లు చూసేది కూడా రంగునే. ఆ ముదురెరుపును 'ఆస్టా' అంకెల్లో కొలుస్తారు, కాయ నుంచి తీసే ఒలియోరెసిన్ మసాలాలకే కాక లిప్‌స్టిక్కులకీ పోతుంది. నలుగురు ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చొని తాలు ఏరుతున్నారు. ఎండకీ మంచుకీ పాలిపోయి తెల్లబడ్డ కాయే తాలు. మేలు కాయ ఒక రాశి, తాలు ఒక రాశి. తాలుకు వచ్చే ధర మేలు కాయ ధరకు ఎక్కడా అందదు.

చేతిలో కాయ ఒకటి తీసుకోండి. తోలు మీద ముడతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, తొడిమ ఇంకా కొంచెం పచ్చగా ఉంది, ఊపితే గింజ గలగలమంటుంది. ఎండు సరిపోయిందన్నమాట.

ఫొటో తీస్తామంటే ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. ఈ కెమెరాని మనుషుల మీదికి తిప్పేముందు ఇదేమిటో చెప్పి, సరేనన్నాకే తీయాలి. చీరల రంగులు చాలావరకు పరారుణంలో నిలవవు, పల్చటి సింథటిక్ బట్ట అయితే బట్టే నిలవదు. మనం రాశి వైపే ఉందాం, మనుషులు దూరంగా వెనక ఉంటారు. వ్యూఫైండర్‌తో ఫోకస్ చేయొద్దు. అక్కడ ఫోకస్ కొలిచేది మామూలు వెలుగు లెక్క మీద, పరారుణం కాస్త అవతల కూడుతుంది. తెర విప్పి నడుం ఎత్తున పెట్టుకొని, లైవ్ వ్యూలో సెన్సర్ చేతే ఫోకస్ చేయిద్దాం. ఎఫ్/8, ఐఎస్ఓ 200. నొక్కండి.

తెర మీద రాశి తెల్లగా ఉంది. లేత బూడిద కూడా కాదు, తెలుపే. ముడతల్లో మాత్రం సన్నటి నీడలు. తాలు రాశీ మేలు రాశీ పక్కపక్కనే ఉన్నాయి, ఏది ఏదో చెప్పడానికి లేదు.

గోనెపట్టా మీంచి లేచి వచ్చిన అవ్వ తెర చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏం నాయనా, కాయంతా తాలు చేసినావే!"

అందరూ ఒక్కసారి నవ్వారు. రైతు నవ్వలేదు. "ఈ బొమ్మ బ్యాడిగిలో చూపియ్యొద్దప్పా," అన్నాడు.

మిరప ఎరుపుకి మూలమైన క్యాప్సాంథిన్ నీలాన్నీ పచ్చనీ మింగుతుంది, ఎరుపుని వదిలేస్తుంది. ఎరుపు దాటాక దానికి మింగే శక్తి లేదు, ఉన్నా లేనట్టే. కనుక పండుకాయ, పచ్చికాయ, తాలు, ఆకు, అన్నీ ఈ కెమెరా ముందు ఒక్కటే. మార్కెట్టు దేనికి ధర కడుతుందో సరిగ్గా దాన్నే ఇది చూడలేదు.

"మరి దీంతో తెగులు తెలుస్తాదా?" అని అడిగాడాయన. న్యాయమైన ప్రశ్నే, జవాబు కూడా నిజాయితీగా ఉండాలి. ఈ ఒక్క కెమెరాతో తెలియదు. ఆకు ఎంత పరారుణం తిప్పికొడుతోందన్నది ఒక్కటే చాలదు, అదే ఆకు ఎంత ఎరుపు మింగుతోందో పక్కన పెట్టి చూడాలి. ఉపగ్రహాలు చేసేది అదే. ఆ దారిలో మన దేశంలో పడ్డ తొలి అడుగుల్లో ఒకటి శాస్త్రవేత్త పి.ఆర్. పిషారటి బృందానిది: 1970లో కేరళ కొబ్బరితోటల తెగులును హెలికాప్టర్ లోంచి పరారుణ ఫిల్ము మీద పట్టుకున్నారు. 1974లో హైదరాబాదులో పుట్టిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఇప్పుడు నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్నారెస్సీ). 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఎగిరిన మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ నాలుగు పట్టీల్లో నేలను చూసింది, నాలుగోది 770 నుంచి 860 నానోమీటర్ల పరారుణం. ఆ బొమ్మల్లో పరారుణానికి ఎరుపు రంగు కేటాయిస్తారు, పచ్చటి పొలం ఎర్రగా అచ్చవుతుంది. మనం తెలుపన్న ఆకే వాళ్లకి ఎరుపు. చేతిలో పట్టుకొనే పరారుణ కెమెరాతో చీడపీడలు ముందే కనిపెడతామని అమ్ముకునేవాళ్లు తారసపడితే, ఎరుపు పట్టీ ఎక్కడుందో అడగండి.

నది దాకా వెళ్లి వద్దాం. తుంగభద్ర ఈ నెలలో ఇసుక మధ్య మడుగులుగా ఉంది, అవతలి ఒడ్డు తెలంగాణ. మడుగులు తెర మీద సిరాలా నల్లగా పడతాయి. మధ్యాహ్నం దాటాక పల్చటి మబ్బు కమ్మింది. గరిక మీద పెట్టిన లెక్క మబ్బులో కాస్త చెదురుతుంది, మళ్లీ ఏదైనా పచ్చటిదాని మీద ఒకటి తీసి పెట్టుకోవాలి. ఒడ్డున తుంగ ఉంది, సరిపోతుంది.

రాత్రి ఎమ్మిగనూరు లాడ్జిలో లాప్‌టాప్ తెరిచాక అసలు పరీక్ష. రా ఫైళ్లను లైట్‌రూంలోకి లాగగానే అన్నీ మళ్లీ కుంకుమే. పొద్దుటి నుంచి పడ్డ శ్రమ ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు. కెమెరా రాసుకున్న లెక్క ఫైలులోనే ఉంది, కానీ లైట్‌రూం స్లైడరు 2000 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది, మన లెక్క దానికన్నా దిగువన ఉంది. కెనాన్ సొంత సాఫ్ట్‌వేర్ డీపీపీలో తెరిస్తే కెమెరాలో కనిపించినట్టే వస్తుంది. లైట్‌రూమే కావాలంటే అడోబీ వాళ్ల డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో ఉష్ణోగ్రతను మైనస్ 100కి లాగి ఈ కెమెరాకంటూ ఒక ప్రొఫైల్ చేసుకోవాలి. ఒకసారి చేస్తే చాలు, ఆ తర్వాత స్లైడరు మధ్యలో నిలబడి రెండు పక్కలా కదలడానికి చోటు దొరుకుతుంది.

ఇక ఆకాశం. తుప్పు రంగు నచ్చనివాళ్లు ఫొటోషాప్‌లో ఛానెల్ మిక్సర్ తెరిచి ఎరుపుని నీలంలోకి, నీలాన్ని ఎరుపులోకి మారుస్తారు. ఆకాశం నీలమవుతుంది, చెట్లకి లేత పసుపు తగులుతుంది. పత్రికల్లో, పోటీల్లో కనిపించే పరారుణ బొమ్మలు ఎక్కువ ఇవే. నది ఒడ్డు ఫొటోకి నేనూ అదే చేశాను, మడుగుల నలుపు పక్కన ఆ నీలం కుదిరింది. కళ్లం ఫొటోకి చేయలేదు. దానికి గుప్పెడు పత్తి లెక్కే వేశాను, ఆకాశాన్ని తుప్పురంగులోనే వదిలాను. నీలాకాశం కింద తెల్ల మిరప మంచుదేశం బొమ్మలా తేలిపోతోంది, సి.బెళగల్ జనవరి ఎండ అందులో లేదు.

కళ్లం నుంచి వచ్చేముందు ఆ రైతు తన నంబరు చెప్పి ఫొటో పంపమన్నాడు. ఏది పంపాలో అడిగాను. "ఎర్రగుండేది," అన్నాడు. ఫోన్‌తో తీసినదే పంపాను.